రేడియోలో కోర్టు వార్తలు, జబ్బుల వార్తలు చెప్పి బతకగలమా?

పలకల_ఊరు
మార్కాపురం వైపు ఒక కమ్యూనిటీ రేడియోలో, అంటే చుట్టుపక్కల ఊళ్ల వాళ్ల కోసమే నడిచే చిన్న రేడియోలో, మూడేళ్లుగా పనిచేస్తున్నాను. ఏది అని అడగకండి. ఆరోగ్యం, చట్టం రెండు కార్యక్రమాలూ నావే. పోయిన వారం ఒక పల్లెలో ఒకే వీధిలో పద్నాలుగు మందికి కామెర్లు వచ్చాయని తెలిసి వెళ్లాను. రెండు రోజులు తిరిగాను. కళ్లు పచ్చబడిన పిల్లలు, పసరు మందు కోసం పక్క ఊరికి ఆటో మాట్లాడుకుంటున్న తల్లులు, మురుగు కాలువలో మునిగి ఉన్న కుళాయి గొట్టం. నలభై నిమిషాల రికార్డింగుతో తిరిగి వస్తే మా పెద్దాయన హెడ్‌ఫోన్ కూడా పెట్టుకోకుండా తేల్చేశారు. ‘ఇది వార్త. మనం వార్తలు వేయకూడదు. లైసెన్సు పోతుంది.’

అంతకు ముందు నెల, రాళ్ల క్వారీలో చనిపోయిన కూలీ పరిహారం కేసు పదకొండోసారి వాయిదా పడిందని చేసిన కార్యక్రమానికీ ఇదే గతి.

ఇంట్లో అమ్మ, టీచరు చదువుకు రాసే ఎడ్‌సెట్ పరీక్ష గైడు కొని తెచ్చి, పేజీలు ఎగరకుండా దాని మీద ఉప్పు డబ్బా పెట్టింది. అన్నం తినేటప్పుడు ఎదురుగా అదే. స్థానిక రేడియోలో విలేకరి అనే బతుకు నిజంగా ఉందా, లేక నేను ఊహించుకున్నానా?

బెజవాడ_ఎండ
లేదు. ఉప్పు డబ్బా తీసి గైడు తెరవండి.

వాయిదా_పద్దు
మీ పెద్దాయన చెప్పింది సగం నిజం. మన దేశంలో రేడియో వార్తలు ఆకాశవాణి సొత్తు. ప్రైవేటు ఎఫ్ఎంలు గానీ కమ్యూనిటీ రేడియోలు గానీ సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు తిరిగి వినిపించవచ్చు, కమ్యూనిటీ రేడియో అయితే స్థానిక భాషలోకి మార్చి కూడా వినిపించవచ్చు, అంతే. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే చెప్పింది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ జీవన్ రెడ్డి గారూ ఉన్నారు. తగాదా మొదలైంది క్రికెట్ ప్రసారాల గురించి. క్రికెట్ పుణ్యమా అని తరంగాలు ప్రజలవి అయ్యాయి, వార్తలు మాత్రం కాలేదు.

ఇక మిగతా సగం. నియమాల్లోనే కొన్నిటిని వార్తలు కావని పక్కన పెట్టారు. ఆటల విశేషాలు, వాతావరణం, పరీక్ష ఫలితాలు, ఉద్యోగ అవకాశాలు, వాటితో పాటు కరెంటు, మంచినీటి సరఫరా, ప్రకృతి వైపరీత్యాలు, ఆరోగ్య హెచ్చరికలు. ఒక మెలిక ఉంది. ఈ చివరివి స్థానిక యంత్రాంగం ఇచ్చినవి అయి ఉండాలి.

పలకల_ఊరు
ఆ మెలిక దగ్గరే నా బండి ఆగింది. యంత్రాంగం ‘నాలుగు కేసులే, అదుపులో ఉంది’ అంటోంది. నేను కళ్లారా చూసినవి పద్నాలుగు.

డాలర్_దోసె
ఇక్కడ డాలస్‌లో కారులో తెలుగు రేడియో వింటాను. వార్తల మీద నిషేధం ఏమీ లేదు. అయినా నాకు తెలిసేది ఏ హోటల్లో బిర్యానీ బాగుందో, ఎవరి అమ్మాయి అరంగేట్రమో. స్వేచ్ఛ ఇచ్చినా మనం బిర్యానీ దాటము.

జొన్నరొట్టె
బెజవాడ_ఎండ గారి సమాధానం చూసి ఊరుకోలేకపోయాను. మాది జహీరాబాద్ దగ్గర. మా మాచనూరులో సంఘం రేడియో ఉంది, 90.4. 2008 అక్టోబరు 15న గాలిలోకి వచ్చింది. నడిపేది దళిత మహిళలు. మైకు దగ్గర కూర్చున్న ఇద్దరి పేర్లూ నర్సమ్మే కాబట్టి ఒకరిని జనరల్ నర్సమ్మ అనీ, ఇంకొకరిని ఆల్గోల్ నర్సమ్మ అనీ పిలుస్తారు. లైసెన్సు రాకముందు దాదాపు పదేళ్లు క్యాసెట్లలో రికార్డు చేసి ఊళ్లలో సంఘాల దగ్గర వినిపించారు. గాలిలో వెళ్లే అనుమతి లేకపోతే చేతిసంచిలో వెళ్లింది రేడియో. 2002లో చదువుల సంస్థలకు మాత్రమే అనుమతి ఇచ్చారు, ఇలాంటి సంఘాలకు దారి తెరిచింది 2006లో.

వాళ్లు వార్తలు చదవరు. విత్తనాలు ఎలా దాచాలి, బాలింత ఏమి తినాలి, చిరుధాన్యాలు ఎందుకు వదిలేశాము, ఇవే మాట్లాడతారు. వినేవారికి అవి ముచ్చట్లు. నా లెక్కలో అది అచ్చమైన ప్రజారోగ్య విలేకరి పని.

బెజవాడ_ఎండ
ఆ తల్లులకు దండం. నేను అడిగేది జీతం. 2024లో కమ్యూనిటీ రేడియోకు ప్రకటనల సమయం గంటకు 7 నిమిషాల నుంచి 12 నిమిషాలకు పెంచారు. ప్రభుత్వ ప్రకటన ధర పది సెకన్లకు 74 రూపాయలు. మొత్తం నిండితే గంటకు 5,328. నిండితే.

పలకల_ఊరు
మాకు ప్రకటన ఇచ్చేది బోర్లు వేసే ఆయన ఒక్కరే. అదీ ఎండాకాలంలో.

డాలర్_దోసె
కుళాయి నీళ్లు బాగోలేదని మీరు చెబితే ఆయన పంట పండినట్టే. ముందు ఆయన్నే అడగండి కార్యక్రమానికి డబ్బులు.

ట్రాన్సిస్టర్_మావయ్య
అమ్మాయీ, నేను ఇరవై ఏడేళ్లు ఒక జిల్లా కేంద్రంలో ఆకాశవాణికి పార్ట్‌టైం విలేకరిగా పనిచేశాను. ఉద్యోగం కాదు, ఒప్పందం. దాన్ని జీతం అనడానికి నోరు రాదు. పొద్దున ట్యూషన్లు చెప్పేవాణ్ణి, మా ఆవిడ కుట్టుమిషను తొక్కేది. కాబట్టి బెజవాడ ఆయన అబద్ధం చెప్పలేదు.

పది నిమిషాల బులెటిన్‌లో ఉమ్మడి రాష్ట్రంలోని జిల్లాలన్నీ ఇరకాలి. నాకు దొరికేది మూడు వాక్యాలు. మొదటి వాక్యంలో ఏమి జరిగింది, రెండో దాంట్లో ఎవరు చెప్పారు, మూడో దాంట్లో ప్రజలు ఏమి చేయాలి. విశేషణాలు పెడితే డెస్కు మీద కూర్చున్నాయన ఫోన్‌లోనే కోసేసేవారు. అతిసారం ప్రబలినప్పుడు ఆ మూడో వాక్యం కోసమే మిగతా రెండూ రాసేవాణ్ణి.

కోర్టు సంగతి చెబుతాను, ఇది నా తప్పు. తొంభైల్లో ఒక అత్యాచారం కేసు. వార్తల తర్వాత వచ్చే సమీక్ష కార్యక్రమం కోసం ఆ అమ్మాయితో మాట్లాడాను. పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు, తండ్రి ఏమి చేస్తాడో చెప్పలేదు. చట్టం తు.చ. తప్పలేదని సంబరపడ్డాను. పన్నెండు సెకన్ల గొంతు మాత్రం వేశాను. మర్నాడు నేను బస్టాండు దగ్గర టీ కొట్లో ఉన్నాను. రేడియో మోగుతోంది. టీ కొట్టాయన వడపోత గుడ్డ చేత్తో పట్టుకుని అలాగే ఆగిపోయి, ‘ఇది మా వీధి చివరింటి వాళ్ల పిల్ల గొంతు కదూ’ అన్నాడు. గుడ్డలోంచి టీ కారి కౌంటరంతా పారింది. ఆ అమ్మాయి తర్వాతి వాయిదాకు రాలేదు. ఆ తర్వాతి దానికీ రాలేదు.

పేపరులో ఫొటోకు కళ్ల మీద నల్లపట్టీ వేస్తారని తెలుసు. పల్లెలో గొంతే ముఖమని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆ రోజు నుంచి అలాంటి ఏ మాటా ఇంకొకరి చేత చదివించకుండా పంపలేదు.

వాయిదా_పద్దు
మావయ్యగారూ, అప్పుడది శిక్షాస్మృతి 228ఎ. 2024 జూలై 1 నుంచి న్యాయసంహితలో 72వ సెక్షన్. పేరు ఒక్కటే కాదు, ఆమె ఎవరో తెలిసిపోయే ఏ సంగతీ బయటపెట్టకూడదు. పిల్లల కేసైతే పోక్సో 23వ సెక్షన్ ఇంకా గట్టిది, బడి పేరు, ఇరుగుపొరుగు కూడా చెప్పకూడదు. చదువుకున్న విలేకరులే ‘ఫలానా గ్రామానికి చెందిన ఫలానా తరగతి బాలిక’ అని రాస్తారు. ఊళ్లో ఆ తరగతిలో ఉండేది ఆరుగురు ఆడపిల్లలు.

బెజవాడ_ఎండ
ఇది చదివాక నోరు పడిపోయింది. అయినా అడుగుతాను. మూడు వాక్యాలతో న్యాయం గురించి ఏమి చెప్పగలరు? ఎవరు వింటారు? ఇప్పుడు ప్రతి ఊళ్లో పది యూట్యూబ్ చానళ్లు ఉన్నాయి, ప్రతి లోగో వాడూ విలేకరే.

ఏలూరు_కాలువ
ఎవరు వింటారో నేను చెబుతాను. 2020 డిసెంబరు 5న మా ఊళ్లో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛపోవడం మొదలైంది. దక్షిణపు వీధి, పడమర వీధి. నురగ కక్కుకుని పడిపోవడం, కాసేపటికి లేచి కూర్చోవడం. కొద్ది రోజుల్లో ఆరు వందలు దాటారు. నీళ్లన్నారు, గాలన్నారు, కరోనా కోసం చల్లిన బ్లీచింగ్ అన్నారు, ఫోన్లో ఎవరో చేతబడి అని కూడా పంపారు. మా అమ్మమ్మ టీవీ కట్టేయించి రేడియో పెట్టించింది. అందులో ‘కారణం ఇంకా నిర్ధారణ కాలేదు, నమూనాలు పంపారు’ అని చదివారు. ‘తెలియదని చెప్పినవాడే కాస్త తెలిసినవాడు’ అని అమ్మమ్మ ఆ రాత్రి నిద్రపోయింది. మేము పోలేదు అనుకోండి. తర్వాత ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. ఆ తర్వాత నిపుణుల నివేదికలు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపాయి.

బెజవాడ_ఎండ
తెలియదు అని చెప్పడానికి విలేకరి ఎందుకండీ, నేనే చెబుతాను.

ఏలూరు_కాలువ
మీరు చెప్పరు. ఈ చర్చలో ఇప్పటిదాకా ఒక్కసారి కూడా చెప్పలేదు.

జొన్నరొట్టె
😂

ఉద్దానం_కొబ్బరి
మా శ్రీకాకుళం ఉద్దానం వైపు ‘క్రియాటినిన్’, అంటే కిడ్నీ ఎంత పాడైందో చెప్పే రక్తపరీక్ష అంకె, తెలుగు మాటే అయిపోయింది. బడి మొహం చూడని ముసలమ్మ కూడా ‘నాకు అయిదు పాయింట్ రెండు’ అంటుంది. సంబంధం చూడటానికి వచ్చినవాళ్లు కట్నం కంటే ముందు అదే ఆరా తీస్తారు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఏ ఊరికి వెళ్లినా ఇదే కథ. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరు 14న తెరిచారు, దానితో పాటే ఊళ్లకు నీళ్ల పథకమూ వచ్చింది. ఇంతా జరిగి జబ్బుకు కారణం మాత్రం తేలలేదు.

విలేకరులు రాలేదా అంటే కుప్పలుగా వచ్చారు. నాయకుడు వచ్చిన రోజు మా ఊరి రోడ్డు మీద బండి పెట్టడానికి చోటు లేదు. ఎవరూ రెండోసారి రాలేదు. మా బాబాయిని డయాలసిస్ సూదులతో ఫొటో తీసుకున్న కుర్రాడు ‘మళ్లీ వస్తాను బాబాయ్’ అన్నాడు. బాబాయి పోయి నాలుగేళ్లు. నాకు రేడియో, టీవీ, పేపరు తేడా లేదు. రెండోసారి వచ్చేవాడు విలేకరి.

ట్రాన్సిస్టర్_మావయ్య
బెజవాడ ఆయన అడిగిన దానికి నేను చెప్పాల్సింది ఉద్దానం అబ్బాయి చెప్పేశాడు. నా వంతు ఒక లెక్క. చుండూరు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ రోజు వార్త. బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును తమ ఊరికే రప్పించుకున్నారు, 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. ఆ రోజు వార్త. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. అదీ వార్తే. మొత్తం మూడు రోజులు. మధ్యలో ఇరవై మూడేళ్లు ఆ ఊళ్లో పొద్దు పొడిచింది, కుంకింది.

మూడు వాక్యాలు చాలవు, ఒప్పుకుంటాను. పదకొండోసారి వాయిదా పడితే పదకొండోసారి ఆ మూడు వాక్యాలు రాయాలి. డెస్కులో ‘ఇందులో కొత్తేముంది’ అంటారు. కొత్తగా ఏమీ జరగలేదన్నదే వార్త అని పోట్లాడాలి. నేను పోట్లాడిన వాటిలో సగానికి పైగా ఓడిపోయాను.

వాయిదా_పద్దు
కోర్టు హాల్లో రికార్డరు తీయకూడదు, అది గుర్తుంచుకోండి. మా కోర్టుకు వచ్చే ఒక రేడియో అమ్మాయి వరండాలో నిలబడేది. బంట్రోతు బయటికి వచ్చి ఒకే పేరు మూడుసార్లు పిలుస్తాడు కదా, ఎవరూ పలకరు. అదీ ఆమె రాసుకునేది: ఈ రోజు ఎవరిని పిలిచారు, ఎవరు పలకలేదు. మా గుమాస్తాల కంటే ఆమె డైరీలోనే వాయిదా తేదీలు సరిగ్గా ఉండేవి. ఒకసారి నేనే ఆమెకు ఫోన్ చేసి తేదీ అడిగాను, సిగ్గులేకుండా.

పలకల_ఊరు గారికి ఒక పని. ఆ నీళ్ల పరీక్షల రికార్డులు సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండలానికి 5, ఆ పైన 10 రూపాయలు. ముప్పై రోజుల గడువు. ప్రాణానికి సంబంధించినదైతే 48 గంటలు.

బెజవాడ_ఎండ
48 గంటల్లో వచ్చిన సమాచారం నేను పుట్టాక చూడలేదు.

వాయిదా_పద్దు
నేను రెండుసార్లు చూశాను. నా వయసు యాభై రెండు.

టీకా_సిస్టర్
ఇంతసేపు చదివాను, అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ పద్నాలుగు మందిలో గర్భిణులు ఎవరైనా ఉన్నారా? నీళ్ల వల్ల వచ్చే కామెర్లలో హెపటైటిస్ ఇ అనే రకం ఉంది, నెలలు నిండుతున్న వాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. ఉంటే కార్యక్రమం సంగతి తర్వాత, ముందు 108.

పలకల_ఊరు
ఒకరు ఉన్నారు సిస్టర్, ఏడో నెల. నేను అది గమనించనే లేదు. ఇప్పుడే ఆశా కార్యకర్తకు ఫోన్ చేశాను.

టీకా_సిస్టర్
మంచిది. ఇంకో మాట. ఈ రకం కామెర్లు పాడు నీళ్లు తాగిన రెండు మూడు వారాల నుంచి ఒకటి రెండు నెలల లోపు బయటపడతాయి. ఈ రోజు కళ్లు పచ్చబడ్డాయంటే తప్పు జరిగింది పోయిన నెల. గొట్టం ఎప్పటి నుంచి మురుగులో ఉందో అడగండి.

మా ఏఎన్ఎంల దగ్గర, ట్యాంకు ఆపరేటరు దగ్గర క్లోరిన్ చూసే చిన్న కిట్టు ఉంటుంది. ట్యూబులో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్నప్పుడు పసుపు రంగు వస్తుంది. లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా ఉండాలి. ట్యాంకు కింద చూస్తే ఎప్పుడూ పసుపే వస్తుంది, అధికారులు వచ్చినప్పుడు అక్కడే చూపిస్తారు. మీరు వీధిలో ఆఖరి ఇంటి కుళాయి దగ్గర చూడండి. నీళ్లు ఎలా పరీక్షించుకోవాలో చెప్పడం వార్త కాదు కదా, వకీలు గారూ?

వాయిదా_పద్దు
కానే కాదు. అది చదువు. సిస్టర్, మీరు మా వృత్తిలోకి రావలసింది.

ట్రాన్సిస్టర్_మావయ్య
శభాష్. ఇలాంటి బుర్ర ఉంటే నాకు ఇరవై ఏడేళ్లు అక్కర్లేకపోయేది.

బెజవాడ_ఎండ
దొడ్డిదారి అంటారు దీన్ని. విలేకరి ‘పద్నాలుగు మంది’ అని సూటిగా చెప్పలేని చోట అది విలేకరి పని ఎలా అవుతుంది? నియమం తప్పని అందరికీ తెలుసు, దాని మీద కొట్లాడకుండా సందులు వెతుకుతున్నారు.

జొన్నరొట్టె
ఈ ఒక్క మాట మీది నిజం. ఆ నియమం మీద సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం 2013లోనే వేశారు. నియమం మారేదాకా పిల్లలు ఆ నీళ్లే తాగాలా?

నిర్వాహకుడు
ఇద్దరు సభ్యులు తమ మండలం పేరు, అధికారి పేరు రాశారు. తొలగించాను. విషయం మాట్లాడండి, మనుషుల పేర్లు వద్దు.

డాలర్_దోసె
నిర్వాహకుడు కూడా 72వ సెక్షన్ చదివినట్టున్నారు.

పలకల_ఊరు
పది రోజుల తర్వాత వస్తున్నాను, క్షమించండి. ఏడో నెల ఆవిడను జిల్లా ఆసుపత్రిలో చేర్చారు, ఇప్పుడు పర్వాలేదు.

కార్యక్రమం వేశాము. పన్నెండు నిమిషాలు, పేరు ‘చివరి కుళాయి’. కామెర్లు అన్న మాట ఒక్కసారీ రాదు. మొదట వైద్యాధికారి రెండు నిమిషాలు, నీళ్లు కాచి తాగమని. అది యంత్రాంగం ఇచ్చిన హెచ్చరిక కాబట్టి మా పెద్దాయన కిక్కురుమనలేదు. ఆ తర్వాత ఒక అవ్వ. కుళాయి తిప్పిన చప్పుడు, ట్యూబులో నీళ్లు పడ్డ చప్పుడు, చుక్కలు వేశాక కాసేపు ఏమీ వినిపించదు. అప్పుడు అవ్వ, ‘రంగు రాలేదే అమ్మా.’ మూడు వీధుల్లో మూడు ఇళ్ల దగ్గర అదే చేయించాను. మూడుసార్లూ అదే మాట. మావయ్యగారు చెప్పింది గుర్తుండి గొంతు మార్పించమంటారా అని అవ్వను అడిగాను. ‘నా గొంతు నాకు లేకపోతే ఎవరికి ఉంటుంది, వెయ్యి’ అంది.

మర్నాడు ఏడుగురు ఆడవాళ్లు గ్లాసులతో నీళ్లు పట్టుకుని పంచాయతీ కార్యాలయానికి వెళ్లారట. నన్నెవరూ పిలవలేదు, తర్వాత తెలిసింది. మొన్న గొట్టం తవ్వారు. మురుగు కాలువ దాటే చోట కీలు పగిలి ఉంది.

క్వారీ కేసు పన్నెండో వాయిదా వచ్చే నెల 9న. వెళ్తున్నాను. ఎడ్‌సెట్ గైడు ఇంకా బల్ల మీదే ఉంది, దరఖాస్తుకు ఆఖరి తేదీ దాటలేదు. ఏమి చేస్తానో నాకే తెలియదు.

బెజవాడ_ఎండ
‘తెలియదు’ అన్నారు. ఏలూరు అమ్మమ్మ మెచ్చుకుంటారు.

ట్రాన్సిస్టర్_మావయ్య
ఆ రికార్డింగు మూడు నెలలు దాచాలని మీ నియమం. మీరు ఇంకో ప్రతి ఇంట్లో పెట్టుకోండి. నావన్నీ టేపుల మీద ఉండేవి, వాటిమీదే కొత్తవి రికార్డు చేసుకుంటూ పోయాను. ఒక్కటీ మిగల్లేదు.

టీకా_సిస్టర్
గొట్టం మార్చారా, అతుకు వేశారా?

పలకల_ఊరు
అతుకే. సైకిలు ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించారు.

టీకా_సిస్టర్
వానలు పడితే ఊడుతుంది. శుక్రవారం కిట్టు తీసుకుని మళ్లీ వెళ్లండి. ఆఖరి ఇంటి దగ్గరే చూడండి.

పలకల_ఊరు
శుక్రవారం ఆరున్నర బస్సుకు వెళ్తున్నాను. అవ్వకు చెప్పి ఉంచాను.